మామిడి తొర్రలో నిలిచిన నీళ్లు: సిమెంటు పోయించే ముందు ఒక్కసారి లోపలికి చూడండి

అమ్మా, మిగతావాళ్లకీ తెలియాలి కనుక మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో మళ్లీ చెబుతాను. మీ పెరట్లో నలభై ఏళ్ల మామిడిచెట్టు ఉంది. గాలివానకు పెద్దకొమ్మ విరిగిన చోట తొర్ర పడింది. వానాకాలమంతా అందులో డికాక్షన్ రంగు నీళ్లు నిలుస్తున్నాయి. డెంగీ దోమలు పెరుగుతాయని మీవారు సిమెంటు పోయిద్దామంటున్నారు. పక్కింటివారు కింది నుంచి డ్రిల్లుతో బెజ్జం కొట్టిస్తే నీళ్లు కారిపోతాయంటున్నారు. పాపేమో అందులో ఎర్రటి సన్న పురుగులూ ఓ కప్పా ఉన్నాయి, పూడ్చొద్దని గోల పెడుతోంది.

సిమెంటూ వద్దు, బెజ్జమూ వద్దు. దోమల భయం నిజమైనదే, దాన్ని నేను తీసిపారేయను. దానికి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను. వానల్లో సెలవు దొరికితే చాలు, మారేడుమిల్లి వైపు వెళ్లి చెట్టు తొర్రల్లోనూ నరికిన వెదురు మొదళ్లలోనూ నిలిచిన నీళ్లు సిరంజితో తోడి చూసేవాణ్ణి. ఈ నీళ్ల గురించి ఎవరైనా అడిగితే నాకు రెండు మాటల్లో చెప్పడం చేతకాదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు చెట్టు సంగతి. మనిషి ఒంటి మీద గాయమైతే కొత్త చర్మం వచ్చి మానుతుంది. చెట్టుకు అలా మానదు. దెబ్బతిన్న చెక్క చుట్టూ లోపల్లోపలే గోడ కట్టుకుని, కుళ్లు బాగున్న చెక్కలోకి పాకకుండా అడ్డుకుంటుంది. పాడైన భాగాన్ని అలాగే వదిలేసి దాని బయటివైపు కొత్త చెక్క పెంచుకుంటూ పోతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను రంపంతో నిలువునా కోసి చూసి, 1970ల్లో ఈ విషయాన్ని లోకానికి తెలియజేశాడు. అంతకుముందు అక్కడా తొర్రల్లో కాంక్రీటు నింపేవారు, నీళ్లు పోవడానికి గొట్టాలు దించేవారు. ఆయన కోసి చూపించాక ఆ పద్ధతులు పోయాయి. బెజ్జం కొడితే ఏమవుతుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. చెట్టు ఏళ్ల తరబడి కట్టుకున్న గోడకు మనమే కన్నం పెట్టినట్టు. తొర్రలోని శిలీంధ్రం ఆ కన్నంలోంచి గట్టి చెక్కలోకి దిగుతుంది. పైగా నీళ్లలో పూర్తిగా నానిన చెక్కకు గాలి అందదు, గాలి అందకపోతే కుళ్లబెట్టే శిలీంధ్రం కూడా నెమ్మదిస్తుంది. నీళ్లు తీసేస్తే చెట్టుకు మేలు జరుగుతుందన్న మాట అన్నిసార్లూ నిజం కాదు.

సిమెంటుది ఇంకో రకం ఇబ్బంది. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి మధ్య సందు పడుతుంది, ఆ సందులో చెమ్మ దాగుతుంది, లోపలి చెక్క ఒరుసుకుంటుంది. బయటికి చూస్తే తొర్ర మూసుకుపోయినట్టే ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు. ఎప్పుడైనా చెట్టు కొట్టాల్సి వస్తే రంపానికి సిమెంటు తగిలి మనిషికే ప్రమాదం. అయితే ఒక్క జాగ్రత్త. తొర్ర మానులో సగానికి మించి ఉన్నట్టనిపిస్తే, లేదా ఆ కొమ్మ ఇంటి మీదికి వాలి ఉంటే, ఉద్యానశాఖ అధికారికి ఒకసారి చూపించండి. అది బరువుకు సంబంధించిన భయం, నీళ్లకు సంబంధించింది కాదు. ఇకముందు కొమ్మ కొట్టించాల్సి వస్తే మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలి, దాని అంచున కోయించండి. మొండి మిగిల్చినా, మెడను చెక్కేసినా అక్కడ మళ్లీ తొర్రే పడుతుంది.

ఇక పాప చూసిన నీళ్లు.

మొక్కలు తమ ఒంటి మీద పట్టి ఉంచుకునే ఇలాంటి నీటి మడుగులకు 1928లో వర్గా అనే శాస్త్రవేత్త 'ఫైటోటెల్మా' అని పేరు పెట్టాడు. గ్రీకులో మొక్కచెరువు అని అర్థం. మొక్కచెరువు అన్న మాట నాకు ఎంతో నచ్చింది, ఇక్కడ అదే వాడతాను. ఇవి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. అరటి మట్టల సందుల్లో, చేమ కాడల మొదట్లో, మొగలి ఆకుల మొదళ్లలో, నరికేసిన వెదురు బొంగులో నీళ్లు నిలుస్తాయి. మర్రి, రావి లాంటి చెట్లకు రెండు కొమ్మలు కలిసే చోట బెరడుతోనే ఏర్పడిన చిప్పలాంటి గుంట ఉంటుంది. అందులో నిలిచే నీళ్ల వల్ల చెట్టుకు ఏ హానీ లేదు, ఎందుకంటే లోపలి చెక్క బయటపడలేదు. మీది అలాంటిది కాదు, కొమ్మ విరిగి చెక్కలోకి దిగిన తొర్ర.

మామూలు చెరువులో నాచు ఎండను తిని పెరుగుతుంది, దాన్ని చేపలు తింటాయి. తొర్ర చీకటిగా ఉంటుంది, అక్కడ నాచు బతకడం కష్టం. మరి అందులోని ప్రాణులకు తిండి ఎక్కడిది? రాలిన ఆకులే. మీ మామిడాకులే. ఆకు నీళ్లలో పడగానే దాని కషాయం దిగుతుంది, డికాక్షన్ రంగు అందుకే. తర్వాత బాక్టీరియా, శిలీంధ్రం ఆకు మీద జిగురులా పరుచుకుంటాయి. స్కిర్టిడ్ అనే చిన్న పెంకుపురుగుల పిల్లలు ఆ జిగురును గోకుతూ ఆకును తునకలు చేస్తాయి. ఆ తునకలూ, వాటి మీది బాక్టీరియా నీళ్లలో తేలుతుంటే దోమపిల్లలు నోటి కుచ్చులతో వడకట్టి తింటాయి. అడుగున చేరిన మడ్డిని ఇంకొన్ని తింటాయి. వాన పడ్డప్పుడల్లా మాను మీదుగా జారివచ్చే నీళ్లు కొత్త పోషకాలు తెచ్చి, పాత మురికిని కొంత పొర్లించి పంపేస్తాయి. రెండు లీటర్లు పట్టని తొర్రలో ఇంత కాపురం నడుస్తుంది.

పాప చూసిన ఎర్రటి సన్న పురుగులు రక్తం పీల్చేవి కావు, భయపడొద్దని చెప్పండి. అవి కైరోనమిడ్ అనే ఈగల పిల్లలు. పెద్దయితే దోమల్లాగే కనబడతాయి కానీ కుట్టవు. ఎరుపు ఎందుకంటే వాటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. ఆకులు కుళ్లే నీళ్లలో ప్రాణవాయువు చాలా తక్కువ. ఆ కాస్తనూ పట్టి ఉంచుకోవడానికి ఆ ఏర్పాటు. అదే నీళ్లలో ఇంకోటి కనబడొచ్చు. బూడిదరంగు ఒళ్లు, వెనక ఎలుకతోకలాంటి పొడుగాటి గొట్టం. అది హోవర్ ఫ్లై పిల్ల. ఆ తోకే దాని ముక్కు. అడుగున మడ్డిలో తింటూ తోకను పైకి చాచి గాలి పీలుస్తుంది. నీళ్లు పెరిగితే తోక సాగుతుంది. పెద్దయ్యాక అది తేనెటీగలా కనబడుతూ మీ పూలమొక్కల మీద వాలుతుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఏనుగు దోమ. శాస్త్రంలో టాక్సోరింకైటిస్ అంటారు. దోమ జాతే కానీ దీనిది వేరే తీరు. పెద్ద దోమ మెరిసే నీలం, ఆకుపచ్చ పొలుసులతో మామూలు దోమకు రెండింతలు ఉంటుంది. తొండం కిందికి కొక్కెంలా వంగి ఉంటుంది కాబట్టి చర్మంలో గుచ్చలేదు. ఆడదైనా మగదైనా పూలతేనె తాగే బతుకుతుంది. ఆడది తొర్ర మూతి దగ్గర గాల్లో గుండ్రంగా తిరుగుతూ తెల్లటి గుడ్లను ఒక్కొక్కటిగా నీళ్లలోకి విసురుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చే పిల్లలు వేటగాళ్లు. మిగతా దోమపిల్లలను పట్టి తింటాయి. ఒక్కోటి పెద్దయ్యేలోగా వందల లార్వాలను మింగుతుంది. ప్యూపా (రెక్కల దోమగా మారే ముందు దశ) కాబోయే ముందు ఆకలి లేకున్నా కనబడినవాటిని చంపి వదిలేయడం కూడా చూశారు. రక్తం తాగకుండా గుడ్లు పెట్టగల బలం దానికి ఎక్కడిదంటే, పిల్లగా ఉన్నప్పుడు తిన్న ఆ మాంసంలోనిదే. మీ తొర్రలో అది ఉందో లేదో చూడకుండా సిమెంటు పోస్తే, మీ తరఫున కాపలా కాస్తున్నదాన్ని కూడా పూడ్చినట్టవుతుంది.

కప్ప విషయానికొస్తే, పాప చెప్పిన పోలికలను బట్టి అది మన మామూలు చెట్టుకప్పే అయి ఉంటుంది. వానాకాలం స్నానాలగదిలో గోడకు అంటుకుని కనబడేది, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు ఉండేది. అది పగలు చెమ్మ కోసం తొర్రలో దాక్కుంటుంది, రాత్రి బయటికొచ్చి పురుగులు తింటుంది. గుడ్లు మాత్రం ఇంకోచోట, నీళ్ల పైన ఆకులకో గోడకో నురుగుగూడు కట్టి పెడుతుంది. ఎండల్లో దానికి తలదాచుకునే చోటు దొరకడమే కష్టం, అందుకని ఆ తొర్ర విలువైనది.

తొర్రలోనే బతుకంతా గడిపే కప్పలు కూడా ఉన్నాయి. ఈశాన్య భారతంలో ఫ్రాంకిక్సాలస్ జెర్డోనీ అనే చెట్టుకప్ప 1870 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనే అనుకున్నారు. కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం దాన్ని మళ్లీ కనిపెట్టి 2016లో ప్రకటించింది. అంతకాలం ఎందుకు కనబడలేదంటే అది ఎత్తయిన చెట్ల తొర్రల్లో నీళ్ల దగ్గరే ఉంటుంది, నేల మీద వెతికేవాళ్లకు దొరకదు. తల్లి తొర్ర గోడకు గుడ్లు పెడుతుంది, పిల్లలు నీళ్లలోకి జారతాయి. ఆ కాసిని నీళ్లలో తిండి చాలదు కనుక తల్లి మళ్లీ వచ్చి ఫలదీకరణ చెందని గుడ్లు పెడుతుంది, తోకకప్పలు వాటిని తిని పెరుగుతాయి. తైవాన్‌లో వెదురు మొదళ్లలో పెరిగే మరో చెట్టుకప్పదీ ఇదే దారి. అక్కడ తండ్రి గుడ్లు ఎండిపోకుండా కాపు కాస్తాడు, తల్లి వచ్చి తిండిగుడ్లు పెట్టి పోతుంది. వెదురు నరికేటప్పుడు మొదలు ఏ ఎత్తున కోశారు, కణుపు పైన ఎంత బొంగు మిగిలింది అన్నదాన్ని బట్టి ఎన్ని పిల్లలు బతుకుతాయో తేలుతుందంటే ఆశ్చర్యంగా లేదూ! మారేడుమిల్లిలో బొంగు చికెన్ కోసం కోసిన వెదురు మొదళ్లు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

బోర్నియోలో ఒక తొర్రకప్ప గురించి చెప్పకుండా ఉండలేను. ఘటం వాయించేవారు కుండ మూతిని పొట్టకు ఆనించి నాదం మార్చడం మీరు చూసే ఉంటారు. మెటాఫ్రినెల్లా సుందానా అనే ఈ కప్ప అదే పని తొర్రతో చేస్తుంది. తొర్రలో నీళ్లు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి పైన మిగిలిన గాలి ఏ శ్రుతికి మోగుతుందో మారుతుంది కదా. మగకప్ప రకరకాల స్థాయిల్లో అరిచి చూసి, తొర్ర మోగే శ్రుతి దొరకగానే అక్కడ నిలబడి, గట్టిగా, ఎక్కువసేపు అరుస్తుంది. పరిశోధకులు దాన్ని నీళ్లు పోసిన గొట్టంలో ఉంచి, నీళ్లను మెల్లగా తీసేస్తూ పోతే, అది తన గొంతు కూడా మార్చుకుంటూ వెళ్లింది. 2002లో అచ్చయిన పని ఇది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పీతలు కూడా చెట్టెక్కాయి. కేరళ అగస్త్యమలలో కాణి గిరిజనులకు ఎప్పటి నుంచో తెలిసిన ఒక పీత ఉంది, వానాకాలం నిండిన చెట్టు తొర్రల్లోనే ఉంటుంది. 2017లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు: కాణి మరంజండు. మలయాళంలో మరం అంటే చెట్టు, ఞండు అంటే పీత. దారి చూపించిన తెగ పేరు కూడా అందులో చేర్చడం నాకు చాలా తృప్తినిచ్చింది.

మీ ప్రాంతంలో కడియం నర్సరీల నుంచి ఈమధ్య చాలామంది బ్రోమిలియాడ్ మొక్కలు తెచ్చుకుంటున్నారు. నడుమ గిన్నెలా ఆకులు ముడుచుకుని, రంగు పువ్వు ఉండేవి. మన అనాస కూడా ఆ కుటుంబమే. వాటి సొంత ఊరు అమెరికా ఖండాల వేడి అడవులు. అక్కడ చెట్ల మీద కూర్చుని, వేళ్లతో కాకుండా ఆ గిన్నెలో పట్టిన నీళ్లతోనే బతుకుతాయి. జమైకాలో వీటి ఆకు సందుల్లో ఓ చిన్న పీత పిల్లలను పెంచుతుంది. ఆకు సందు నీళ్లు పుల్లగా ఉంటాయి, సున్నం ఉండదు. సున్నం లేకపోతే పీతపిల్లకు చిప్ప గట్టిపడదు. అందుకని తల్లి ఏం చేస్తుందంటే, ఖాళీ నత్తగుల్లలను ఏరి తెచ్చి ఆ నీళ్లలో వేస్తుంది. గుల్ల కరిగి నీటికి సున్నం అందుతుంది, పులుపు తగ్గుతుంది. ఊళ్లో బావిలో సున్నం వేయడం గుర్తొచ్చిందా! అంతకుముందే కుళ్లిన ఆకులన్నీ ఎత్తి బయట పారేస్తుంది, లేకపోతే ప్రాణవాయువు చాలదు. పిల్లలను తినే తూనీగ లార్వా కనబడితే చంపుతుంది. రోకలిబండలనూ బొద్దింకలనూ పట్టుకొచ్చి పిల్లలకు పెడుతుంది. నెలల తరబడి ఇలా సాగుతుంది. పీత గురించి ఇంత మాతృత్వం నేను క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవారు కాదు.

ఇక మీవారి భయం. ఆయన మాట కొట్టిపారేయకండి. మొక్కచెరువులు మనుషులకు జబ్బు తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. ట్రినిడాడ్‌లో కోకో తోటలకు నీడ కోసం పెంచిన పెద్దచెట్ల మీద బ్రోమిలియాడ్లు గుంపులుగా పెరిగాయి, వాటి నీళ్లలో పెరిగిన అనాఫిలిస్ దోమ మలేరియా తెచ్చింది. 1940ల్లో ఆ మొక్కలను కోసి, మందు చల్లి తొలగించారు. ఆ దోమ ఏ వేళ కుడుతుందో లెక్కకట్టిన కుర్రాడు కాలిన్ పిట్టెండ్రీ. తర్వాత జీవగడియారాల (ప్రాణుల ఒంట్లో రాత్రీపగలు వేళలు నడిపే ఏర్పాటు) శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఆయనొకడయ్యాడు. డెంగీ తెచ్చే ఈడిస్ ఈజిప్టై కూడా మొదట ఆఫ్రికా అడవుల్లో చెట్టు తొర్రల దోమే. మనిషి కుండల్లో నీళ్లు దాచుకోవడం మొదలుపెట్టాక తొర్ర వదిలి కుండలోకి వచ్చింది.

అందుకే ఇప్పుడు మన ఊళ్లలో దాన్ని వెతకాల్సింది ముందు తొర్రలో కాదు. మూత సరిగా లేని డ్రమ్ము, సిమెంటు తొట్టి, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, పాత టైరు, కొబ్బరిచిప్ప, వాడని రోలు, పూలకుండీ కింది పళ్లెం, ఇవన్నీ చూడండి. తొర్రల్లో, వెదురు మొదళ్లలో ఎక్కువగా కనబడేది దాని బంధువు ఈడిస్ ఆల్బోపిక్టస్. అదీ డెంగీ మోయగలదు, కాబట్టి ఇంటిపక్క తొర్రను అశ్రద్ధ చేయమని అనను. ఈడిస్ గుడ్లు నీళ్లలో కాకుండా నీటి అంచు పైన తడి గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ వాన పడగానే పగులుతాయి. శుక్రవారం డ్రై డే నాడు తొట్టి ఒంపేస్తే చాలదు, గోడలు పీచుతో రుద్దాలి అని చెప్పేది అందుకే. తొర్ర లోపల రుద్దడం కుదరదు, అక్కడ నీళ్లు తోడిపోసినందువల్ల పెద్ద ఉపయోగం లేదు.

మీరు చేయాల్సింది చెబుతాను. చేయి లోపల పెట్టొద్దు, తేలో జెర్రో పామో ఉండొచ్చు. పెద్ద సిరంజికి సెలైన్ ట్యూబు తగిలించి, టార్చి వేసి చూస్తూ కొంచెం నీళ్లు తోడి తెల్ల పింగాణీ పళ్లెంలో పోయండి. తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయేవి మామూలు దోమపిల్లలు. వాటి మధ్య వాటికన్నా బాగా పెద్దగా, ముదురు గోధుమ ఎరుపులో, కదలకుండా పొంచి ఉన్నది కనబడితే అది ఏనుగు దోమ పిల్ల. పాపకు ఈ పని అప్పగించండి, పక్కన మీరుండండి.

దోమపిల్లలు మాత్రమే ఉండి, వీధిలో డెంగీ కేసులు వస్తుంటే బీటీఐ అనే బాక్టీరియా మందు వాడండి. 1976లో ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో ఒక నీటిగుంటలో దొరికిన బాక్టీరియా అది. దోమపిల్ల కడుపులోకి వెళితేనే పనిచేస్తుంది, కప్పకూ పక్షికీ మనిషికీ ఏమీ కాదు. ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకండి, ఎక్కువ వేస్తే పాపకు నచ్చిన ఎర్రపురుగులు కూడా పోతాయి. కిరోసిన్, కాలిన ఇంజనాయిలు, ఫినాయిలు, బ్లీచింగ్ మాత్రం పోయనివ్వకండి. అవి దోమతో పాటు ఆ నీళ్లలో ఊపిరి తీసే ప్రతిదాన్నీ చంపుతాయి, అక్కడికి తాగడానికి వచ్చే ఉడతకూ పిట్టకూ విషమవుతాయి. ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చి మీకు ధైర్యం చాలకపోతే, కప్ప బయటికి పోయాక తొర్రను అంచు వరకు శుభ్రమైన ఇసుకతో నింపండి. సీజను దాటాక ఇసుక తీసేయొచ్చు, సిమెంటును తీయలేరు. నా మటుకు నేనైతే ఇసుకను చివరి మాటగానే ఉంచుకుంటాను.

అడవిలోనో కొండ మీదో ఉన్న తొర్రల జోలికి ఏ మందుతోనూ పోవద్దు. అక్కడ ఎండల్లో కోతులకూ పిట్టలకూ అవే తాగునీళ్లు.

పాప ఇంకా అడిగితే మేఘాలయ జాడీ మొక్క సంగతి చెప్పండి, నెపెంథిస్ ఖాసియానా. అక్కడి గారో గిరిజనులు దాన్ని మెమాంగ్ కోక్సి, అంటే దెయ్యం బుట్ట అంటారు. ఆకు చివర జాడీ కట్టి అందులో పడిన పురుగులను అరిగించుకునే మొక్క అది. అంత అరిగించే నీళ్లలో కూడా కొన్ని దోమపిల్లలు హాయిగా ఈదుతుంటాయి.

ఇంకొక్కటి. తోడిన నీళ్లలో ఏనుగు దోమ పిల్ల దొరికితే, దాన్ని నాలుగైదు మామూలు దోమపిల్లలతో ఓ గాజు సీసాలో వేసి, మూతికి దోమతెర గుడ్డ గట్టిగా కట్టి నీడలో పెట్టండి. తిండి తగ్గినప్పుడల్లా తొర్రలోంచి మళ్లీ తెచ్చి వేయండి. ఎన్ని తిన్నదో పాప రోజూ పుస్తకంలో రాసుకోవచ్చు. కామాలా ముడుచుకుని ప్యూపా అయితే, వారంలోపే ఓ పొద్దున నీలంగా మెరుస్తూ పెద్ద దోమ తెర మీద వాలి ఉంటుంది. తొండం వంపు చూసి గుర్తుపట్టమనండి. చూశాక మామిడిచెట్టు దగ్గరే విప్పి వదిలేయండి.